ఒకే ఊరి బోర్డు

మా విమానాశ్రయానికి రాజుగారి పేరు.
పేరు పక్కన "అంతర్జాతీయ" అని కూడా ఉంది.
బోర్డు మీద మాత్రం ఒక్కటే ఊరు.
బయలుదేరునవి: జొహానెస్‌బర్గ్.
వచ్చునవి: జొహానెస్‌బర్గ్.
లండనైనా, లాగోసైనా,
లెసోతో నుంచి ఆకాశం మీదుగా
ఎవరు ఎక్కడికి పోవాలన్నా
ముందు అక్కడ దిగి మారాల్సిందే.

ఊరి పేరు మార్చే పని లేదు కనక
సెలొమెంగ్ టైము ఒక్కటే మారుస్తాడు.
అదీ చాలాసార్లు "ఆలస్యం" అని.

మా దేశం చుట్టూ ఒకే దేశం.
గుడ్డులో పచ్చసొనలా మేం మధ్యన.
ఎటు నడిచినా వాళ్ళ గడపలోకే నడుస్తాం.
అందుకే గంట కూడా పట్టని ప్రయాణానికి
బెల్టు విప్పుతాం, బూట్లు విప్పుతాం,
విదేశం పోతున్న ముఖాలు పెడతాం.

నేను ఎక్స్‌రే యంత్రం దగ్గర కూర్చుంటాను.
డ్యాం ఇంజనీర్ల లాప్‌టాప్‌లు,
ఉన్ని వ్యాపారి సంచిలో మేక బొచ్చు నమూనాలు,
పెద్దాసుపత్రికి పోయే రోగుల ఎక్స్‌రే ఫిల్ములు.
వాటికి మళ్ళీ ఎక్స్‌రే తీసేదాన్ని నేనే.

ఫిబ్రవరిలో ఒక పొద్దున
తెర మీద గుండ్రంగా, వరసగా,
నీళ్ళలో తేలుతున్న సగం సగం చందమామలు.
"ఇవేంటి, మ్మే?"
"పీచ్ పళ్ళు తల్లీ, పాకంలో వేశాను."
రెండు లీటర్ల సీసా.
నూరు మిల్లీలీటర్లు దాటకూడదని
గోడ మీద బొమ్మతో సహా ఉంది.
ఆమె బొమ్మ చూసింది, నన్ను చూసింది,
దుప్పటి పిన్ను సర్దుకుంది.

పేరు మమొట్లాట్సి. మొదటిసారి విమానం.
చేతిలో గని కంపెనీ కాగితం:
"చనిపోయిన కార్మికుని భార్య స్వయంగా హాజరు కావలెను."
మొగుడు రాయి పొడి పీల్చి పీల్చి
దగ్గుతో పోయి ఇరవై రెండేళ్ళు.
డబ్బులకి ఇప్పుడు తీరిక దొరికింది.
చెట్టు ఆయన నాటిందే.
"ఆఫీసులో గుమాస్తాకి ఇద్దామనుకున్నా," అంది,
"తీపి తిన్నవాడు సంతకం తొందరగా పెడతాడని."

అంతలో రన్‌వే మీద గొర్రెలు.
కంచె కన్నంలోంచి ఫెయెల్లో మంద,
మొత్తం అరవై మూడు,
వాటిలో ఒక్కదానికీ పాస్‌పోర్టు లేదు.
సెలొమెంగ్ లేచి వెళ్ళి బోర్డు మార్చాడు.

ఆమె బెంచీ మీద కూర్చుని మూత తిప్పింది.
లోపలికి తీసుకెళ్ళకూడదు గానీ
ఇక్కడ తినకూడదని ఏ బొమ్మా లేదు.
మొదటి ముక్క ఇంజనీరుకి,
తర్వాత రోగికి, రోగిని తీసుకెళ్ళే కొడుక్కి,
పాస్‌పోర్టు ముద్ర వేసే ఆయనకి
(ఆ రోజంతా ముద్రలు కొంచెం జిగురుగా పడ్డాయి),
చెమటతో వచ్చి నిలబడ్డ ఫెయెల్లోకి రెండు.
నేను యూనిఫాంలో ఉన్నాను, వద్దన్నాను.
నా అరచెయ్యి లాక్కుని పెట్టింది.
దాల్చినచెక్క వేసిందనుకుంటా.
చల్లగా ఉంది.

ఖాళీ సీసా కడిగి నా చేతికిచ్చింది:
"గురువారం వచ్చేటప్పుడు తీసుకుంటా."

గురువారం విమానం వచ్చింది, ఆమె రాలేదు.
శుక్రవారమూ లేదు.
బల్ల కింద సీసా నా మోకాలికి తగులుతూనే ఉంది.
శనివారం సాయంత్రం
గేటు బయట టాక్సీ వ్యాను ఆగింది,
దుమ్ము కొట్టుకుపోయిన దుప్పటిలోంచి ఆమె దిగింది.

"టికెట్టు రెండు వైపులా ఉంది కదా మ్మే?"

"ఉంది. పోవడం పైనుంచి పోయాను,
కొండలన్నీ ఇస్త్రీ చెయ్యని బట్టల్లా కనపడ్డాయి, బాగుంది.
కానీ ఆయన ప్రతిసారీ వచ్చింది రోడ్డు మీదే.
పంతొమ్మిదేళ్ళు వచ్చాడు.
ఎంత దూరం నుంచి వచ్చేవాడో
ఒక్కసారి నేనూ కూర్చుని చూద్దామని."

డబ్బులిచ్చారా అని అడగబోయి ఆగాను.
ఆమె బోర్డు వైపు తలెత్తి
ఉన్న ఒక్క ఊరినీ చదివింది, కూడబలుక్కుంటూ.
"ఇంకా అదే ఊరా," అంది.

సీసా తీసి, మూత బిగించి ఇచ్చాను.
ఖాళీ సీసాకి ఏ నిషేధమూ లేదు.