పద్దెనిమిది మడతలు

అప్పుడు నాకు పదకొండేళ్ళు.
పాటన్‌లో, కంటి ఆసుపత్రి వెనక సందులో
అష్టమాయ దుకాణంలో మోమోలు మడిచేవాణ్ణి.
పేరు ఇంద్రమాన్. పిలుపు మాత్రం కాంఛా.
ఆ సందులో ఇంకో నలుగురు కాంఛాలు.
ఎవరు కేకేసినా అయిదు తలలు తిరిగేవి.

పిండి బిళ్ళ అంచు పల్చగా, నడుమ మందంగా ఉండాలి.
నడుమ పల్చబడిందా,
రసం మక్తు అడుగు పాలు,
మొట్టికాయ నా పాలు.

మాఘమాసం. గోడలు కూడా వణికే చలి.
ఒక ముసలామె వచ్చింది,
మేనల్లుడు టీకారాం మోచెయ్యి పట్టుకుని.
కుడికంటికి కట్టు, ఎడమకంటి నిండా పొర.
"రెండు రోజులుగా మంచం దాకా వస్తోంది ఈ వాసన.
ఏమిటో చూద్దామని వచ్చాను" అంది.

పళ్ళెం ముందు పెట్టాం.
చూపుడువేలితో చూసింది.
"ఎవరు కుట్టారు దీన్ని?"
"కుట్టలేదు బజ్యై, మడిచాను."
వేలు అంచు చుట్టూ మెల్లగా నడిచింది,
తెలియని ఊళ్ళో గోడ పట్టుకుని నడిచినట్టు.
"పద్దెనిమిది" అంది. "చెయ్యి తిరిగిన మనిషివే.
లోపలేముంది?"

టీకారాం దగ్గాడు.
అష్టమాయ ధర దగ్గర అబద్ధమాడుతుంది కానీ
తిండి దగ్గర ఆడదు.
"గేదె" అంది.

చెయ్యి వెనక్కి వచ్చి ఒళ్ళో కూర్చుంది.
"గోర్ఖాలో మా ఇంట్లో ఒకటుంది. పేరు తారే.
దాని పాలమ్మిన డబ్బే
ఈ కంటికి కట్టాను."
ఎవరం మాట్లాడలేదు.
మక్తు మాత్రం మూత ఎగరేస్తూ ఏదో గొణిగింది.

అష్టమాయ లేచింది.
గిన్నెని బూడిదతో మూడుసార్లు తోమింది.
నన్ను క్యాబేజీకి తరిమింది.
ఉల్లి వద్దు, వెల్లుల్లి వద్దు.
అల్లం, కాస్త చుర్పి, నేతిచుక్క.
"ఇంకెందుకు, గాలి మడవండి"
అని నవ్వాడు పక్క కొట్టు కసాయి.

బజ్యై మొదటిదాన్ని గోటితో చీల్చింది.
రసమంతా అరచేతిలోకి, అక్కణ్ణుంచి మణికట్టు మీదికి.
"అట్లా కాదు. మొత్తం ఒక్కసారే నోట్లో."
"అంత నోరు నేనెప్పుడు తెరిచాన్రా?" అంది.

తెరిచింది.
బుగ్గ ఉబ్బింది. కట్టు కదిలింది.
టమాటా పచ్చట్లో తిమ్మూరు నాలుకకి తగిలి
"చీమలు! చీమలు!" అంటూ నవ్వింది,
నోరు నిండి ఉంది కనక కొంగడ్డం పెట్టుకుని.
టీకారాం బిత్తరపోయాడు.
అత్త నవ్వగా అతనెప్పుడూ విన్నట్టు లేదు.

నాలుగో రోజున ఒంటరిగా వచ్చింది. కట్టు లేదు.
గుమ్మంలో నిలబడి లోపలంతా వెతికింది.
చూపు నా తల మీదుగా వెళ్ళి
వెనక గోడని తాకి తిరిగొచ్చింది.
"మడిచే ఆయన లేడా?"
"నేనే బజ్యై."

ఆవిరి పక్కకి తొలగేదాకా ఆగింది.
కిందికి చూసింది.
చలికి పగిలిన నా వేళ్ళని,
పీట మీద నిలబెట్టిన నా కాళ్ళని
కొత్త కంటితో చూసింది.
"ఇంతేనా నువ్వు" అంది.

అష్టమాయ కడిగిన గిన్నెనే మళ్ళీ కడగసాగింది.

పదింటిలో తొమ్మిది తిన్నది ఖగేశ్వరి బజ్యై.
పదోదాన్ని పచ్చట్లో ముంచి
"తెరు నోరు" అంది నాతో.

రెండేళ్ళు మడిచాను.
నాకు దొరికేవి చిరిగినవి, రాత్రి మిగిలినవి,
కొవ్వు గడ్డకట్టి తెల్లబడినవి.
వేడిది ఎట్లా ఉంటుందో
అమ్మినవాణ్ణే గానీ ఎరగను.

కొరకగానే లోపలిదంతా ఒక్కసారి పొంగింది.
నాలుక కాలింది.
మూడు రోజులు ఏం తిన్నా రుచి తెలియలేదు.
ఎవరికీ చెప్పలేదు.