ఒక యూరో నలభై

మధ్యాహ్నం పన్నెండున్నర దాటిందో లేదో
రైలు ఒక నిట్టూర్పు విడిచింది.
బ్రేకు చప్పుడు కాదది.
పొయ్యి కట్టేశాక
పాలపొంగు కిందికి జారినట్టు
పన్నెండు బోగీల హడావిడి చల్లగా అణిగిపోయింది.
తెర మీద వచ్చే స్టేషన్ పేరు
సగంలో ఆరింది.

నా పేరు ఫెర్మీన్.
మాడ్రిడ్ నుంచి కాదిజ్ దాకా
ఇరవై రెండేళ్ళుగా టికెట్లు చూస్తున్నవాణ్ణి.
"ఎప్పుడు కదులుతుంది?" అని ఎవరడిగినా
నా జేబులో ఎప్పుడూ ఓ నిమిషాల లెక్క ఉండేది.
ఆ రోజు విజిలూ, టార్చీ,
సగం ఖాళీ అయిన పుదీనా బిళ్ళల పొట్లం ఉన్నాయి.

మొదటి గంట నన్ను తిట్టారు.
రెండో గంట ఫోన్లని తిట్టారు.
మూడో గంటకి
మరుగుదొడ్డి గురించి తప్ప
ఎవరికీ వేరే రాజకీయాల్లేవు.

ఐదో బోగీలో రుఫీనా
ఒళ్ళో కాగితాల సంచి పెట్టుకుని కూర్చుంది.
పోయిన తమ్ముడి పడవ అమ్మకం.
ఆరింటికల్లా నోటరీ ముందు సంతకం పడకపోతే
కొనేవాడు మాట మార్చేస్తాడట.
"ఆ నోటరీ గదిలోనూ దీపం ఉండదమ్మా" అన్నాను.
చాలాసేపు కిటికీలోంచి చూసింది.
"అయితే ఈ రాత్రికి కూడా
అది మావాడిదే" అంది.
సంచి తీసి పై అరలో పెట్టేసింది.

తలుపులు చేత్తో తిప్పి తెరిచాం.
కంకర రాళ్ళు, ఎండ, పచ్చి గోధుమ చేను.
పెద్ద పెద్ద స్తంభాలు
ఏ పనీ లేని అధికారుల్లా నిలబడి ఉన్నాయి.
తీగల మీద పిట్టలకి మాత్రం
ఏ తేడా తెలియలేదు.

అప్పుడొచ్చింది కాసిల్దా,
రెండు కిలోమీటర్ల అవతలి ఊళ్ళో బార్ నడిపే ఆవిడ,
తోపుడు బండి నిండా ఐస్‌క్రీములతో.
ఫ్రిజ్ చచ్చిపోయిందట.
"కరిగాక ఎవడిక్కావాలి, తినండి.
ఊరికే మాత్రం కాదు!"

నోట్లు ఎవరి దగ్గరున్నాయి?
కార్డులన్నీ వట్టి ప్లాస్టిక్కు.
సూటు వేసుకున్న పెద్దమనిషొకడు
ఆరిపోయిన ఫోనుని ఆవిడ ముందు పట్టుకుని
మొక్కు చెల్లిస్తున్నట్టు నిలబడ్డాడు.

కాసిల్దా చెవి మీంచి పెన్సిలు తీసింది.
అరువు పుస్తకం తెరిచింది.
"పేరు చెప్పు. ఏ ఊరు?"

మళ్ళీ జన్మలో కూడా ఎదురుపడని మనుషులు
వరసలో నిలబడి
పేర్లు రాయించుకున్నారు.
ఒక కొరియా అమ్మాయి తన ఊరి పేరు చెబితే
మూడుసార్లు పలికించి
తనకి వినబడ్డట్టే రాసుకుంది.
ఇన్సులిన్ డబ్బాని
పొదిగే కోడిలా చంకలో దాచుకున్న కుర్రాణ్ణి చూసి
పెన్సిలు ఆపి
బండి అడుగునున్న మంచు గడ్డ పగలగొట్టి
గుడ్డలో చుట్టి ఇచ్చింది.
అది పుస్తకంలోకి ఎక్కలేదు.

సాయంత్రం ఒక ముసలాయన రేడియో దొరికింది.
దేశం దేశమంతా ఆగిపోయిందట,
పక్క దేశం కూడా.
ఎందుకో అందరూ కాళ్ళు చాపుకున్నారు.
ఆలస్యం మన ఒక్కరిదీ కాదని తెలిస్తే
దానికి పెద్ద బరువుండదు.

చీకట్లో ఎవరెవరో ఏవేవో చెప్పుకున్నారు.
నేనూ చెప్పాను,
ఇంట్లో చెప్పని మాట ఒకటి,
ముఖం కనబడని ఎవరికో.
పదిన్నరకి దీపాలు వెలిగితే
చప్పట్లు కొట్టాం.
వెంటనే ఒకరినొకరు చూసుకుని
కొంచెం సిగ్గుపడి
ఎవరి సీట్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం.

రుఫీనా పడవ ఏమైందో తెలీదు.

నా పేరు ఎదురుగా
నిమ్మకాయది ఒకటి, ఒక యూరో నలభై.
ఆ ఊళ్ళో మా రైలు ఆగదు.
ఎప్పుడూ ఆగలేదు, ఆ ఒక్కరోజు తప్ప.
ఇప్పుడు గోధుమ కోసేశారు.
అక్కడికి వచ్చేసరికి
టికెట్లు చూడటం ఆపి
కిటికీ వైపు తిరుగుతాను.
ఆ వేగంలో ఊరంతా కలిసి
ఒక తెల్లటి గీత.
చిల్లర మాత్రం లెక్కపెట్టి
పైజేబులో విడిగా ఉంచుకున్నాను.