బుడ్డల పొట్టు

గుత్తి రోడ్డులో మూతబడిన మిల్లు షెడ్డు.
యాభై రూపాయలిస్తే మణికట్టు మీద ముద్ర: "తూకం సరి".
పాత ఆఫీసు సొరుగులో దొరికిందంట.

ముప్పై మందిమి ఉంటామేమో,
నాకంటే పెద్దోళ్లు ఎవురూ లేరు.
సుంకమ్మ మనవరాలు పిలిస్తే వచ్చినా.
చెప్పులు పక్కకిడిసి మైకు ముందుకొచ్చింది పిల్ల.
ఎనకాల డ్రమ్ముల మీద దాదావలి,
పగలు వెల్డింగు షాపులో ఉంటాడు, వాడే.

మొదటి పాట అర్థం కాలా.
గిటారు అరుపు చెవుల్లో కాదు, పండ్లల్లో తెలుస్తాంది.
రెండో పాటకి పైరేకులు అదిరినాయి.
ఏందో రాలింది
సన్నగా, ఎర్రగా,
ఫోన్ల వెలుతుర్లో, పిల్లోళ్ల జుట్ల మీద.
అదీ షోలో భాగమే అనుకొని చేతులు చాపినారు.

బుడ్డల పొట్టు.
పదకొండేండ్లు ఈడనే గింజలేరినా.
దగ్గితే తెమడ ఎర్రగా పడేది,
నెత్తురనుకొని భయపడేదాన్ని మొదట్లో.
మిల్లు మూసినాక ఈ దూలాలు ఎవురూ తుడవలా.

అంతలోనే కరెంటు పోయింది.
గిటారు సచ్చిపోయింది.
డ్రమ్ము ఆగలా, పిల్ల ఆగలా.
ఒట్టి గొంతుకే మాటలు ఇనపడినాయి:
జీతం రోజు, అంటాంది, జీతం రోజు సాయంత్రం...

"శబ్దం ఎక్కువైందా అవ్వా?" పక్కన పిలగాడు.
జల్లెడ తిరిగేటప్పుడు ఇంకా ఉండేది నాయనా, అన్నా.

భుజమ్మీద పొట్టు దులుపుకోలా.