పికిలిపిట్ట తిన్నది పోను

సురుగ సముద్రానికి ఎదురుగా మా వాలు.
రాతిగోడల సందుల్లో స్ట్రాబెర్రీ మొక్కలు.
పగలంతా రాళ్లు ఎండ తాగుతాయి,
రాత్రి దాన్ని వేళ్లకు కొద్దికొద్దిగా వదులుతాయి.
మా ఆయన తొకుహే మాత్రం
పగటి కోపాన్ని కూడా రాత్రికి అట్టిపెట్టుకోడు,
అంత తీరిక లేదు మనిషికి.

పదకొండేళ్లుగా ఒకటే పని.
ఈ మొక్క పువ్వులోంచి పట్టకారుతో కేసరాలు లాగేయడం,
ఆ మొక్క పుప్పొడిని కుంచెతో అద్దడం,
కాగితం సంచి తొడిగి, దారం కట్టి,
తేదీ రాయడం.
మా పెళ్లి తేదీ అడిగితే నా మొహం చూస్తాడు.

"గోరంతను కొండంత చేస్తావు నువ్వు" అని
ఒకప్పుడు నన్ను దెప్పేవాడు.
ఇప్పుడు ఆయన వృత్తే అది.

నా వంతు గిల్లడం.
గుత్తిలో మొదట పూసిన పువ్వును ఉంచి
తక్కినవన్నీ గోటితో తెంపేయాలి,
తల్లి బలమంతా ఆ ఒక్కదానికే పోవాలి.
సాయంత్రం ఏప్రన్ జేబు దులిపితే
తెల్లటి రేకులు కాలవలో కాసేపు తేలేవి.
లెక్కపెట్టమని ఎవరూ అనలేదు.
నేనూ పెట్టలేదు,
మొదటి ఏడాది తప్ప.

ఈ ఫిబ్రవరిలో ఏడు-ముప్పై ఒకటి కాసింది.
పేరు లేదింకా, నంబరే.
చలికి రెండు మూడు మొగ్గలు కలిసిపోయాయో ఏమో
కోడిజుట్టులా విచ్చుకుని, మడతలు పడి,
నా అరచేయి దాటి మణికట్టు మీదికి ఒరిగింది.
కింద గడ్డి పరిచాడు, గడ్డి మీద మెత్తటి గుడ్డ.
పక్క గోడల సుగియామా వంగి చూసి
"ఇది పండా, పసిపిల్ల బూటా?" అన్నాడు.

తూకం మనిషి మర్నాడు పదింటికి వస్తానన్నాడు.
ఆ రాత్రంతా తొకుహే దుప్పటి కప్పుకుని
దాని పక్కనే కూర్చున్నాడు.
తెల్లారగట్ల ఒంటికి వెళ్లొచ్చాడు,
ఐదు నిమిషాలు, అంతే.
పికిలిపిట్ట.

"రెండు వందల పద్దెనిమిది గ్రాములు."
జిల్లా రికార్డుకు మూడు తక్కువ.
మా ఆయన తన పుస్తకంలో రాసుకున్నాడు:
రెండు వందల పద్దెనిమిది,
పికిలిపిట్ట తిన్నది పోను.
తూకం మనిషి దాన్ని రెండుసార్లు చదివి
టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

వంటింట్లో కోశాం.
లోపల బొటనవేలు పట్టేంత తెల్లటి బోలు.
పైన పటారం, లోన లొటారం అనబోయి
ఆయన మొహం చూసి మానేశాను.
వేలు అందులో దూర్చి తడుముకుంటున్నాడు,
పన్ను ఊడిన చోట నాలుక పెట్టినట్టు.
రుచా?
తియ్యగానే ఉంది.
కొంచెం దోసకాయ.

ఇప్పుడు రాత్రి పదకొండు.
టూత్‌పిక్‌తో పండు మీంచి ఒక్కో గింజనూ
తడి కాగితం మీదికి దించుతున్నాడు.
ఒక్క గింజా తల్లిని పోలదట.
నాలుగొందలు దాటాయి.
పెరుగు డబ్బాలు చాలవు, ఇంకొన్ని కడగమన్నాడు.
పిట్ట పొడిచిన వైపు గింజలు పోయాయని
ఇందాకటి నుంచీ ఒకటే సణుగుడు,
అసలైనది అటే ఉందేమోనని.

నేను డబ్బాలు కడుగుతున్నాను.
ఈపాటికి ఏ వాలు మీద
రెట్ట వేసి ఉంటుందో అది.