నలభై పౌన్ల పెట్టె

యాకిమాలో సెప్టెంబరు.
కాలేజీ పుస్తకాల కొట్లో గణాంకశాస్త్రం
ప్లాస్టిక్ కాగితంలో బిగించి ఉంది, ఊపిరాడని పండులా.
రెండొందల పద్నాలుగు డాలర్లు.
పోయినేడు కొన్నది ఈ ఏడు చెల్లదు:
అట్ట మారింది, లెక్కల వరస మారింది,
సగటు మాత్రం సగటుగానే ఉంది.

లైబ్రరీలో ఒకే ప్రతి. రెండు గంటలకే ఇస్తారు.
ఒడాలిస్ దాన్ని పేజీ పేజీ ఫోనులో ఫొటో తీస్తోంది,
యాపిల్ షెడ్డులో రాత్రి షిఫ్టు దిగి వచ్చిన చేతులతో.
ఏడో అధ్యాయంలో ఆమె బొటనవేలి నీడ
గ్రాఫు మీద ఇంకో గ్రాఫులా పడింది.
చూడనట్టు నడిచిపోయాను.
జిరాక్సు గది తలుపు వేసుకుని
నేను చేసిన దొంగపనులు నాకూ ఉన్నాయి.

ఆ చలికాలం సెలవుల్లో
ఎవరో రాసి, తాళం వెయ్యకుండా వదిలిన పుస్తకం దొరికింది.
మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో:
తీసుకో, మార్చుకో, పంచు,
ఎవరిదో మాత్రం చెప్పు.
నెల్లూరులో మా పక్కవాటా కోటమ్మ
గిన్నెలో మజ్జిగ తోడు పోసేటప్పుడు
ఈపాటి షరతు కూడా పెట్టేది కాదు.
ఆవిడకి వకీళ్లతో పని పడలేదు మరి.

అందులో లెక్కలన్నీ విహారనౌకల పొడవులు, గోల్ఫు క్లబ్బుల చందాలు.
ఒక్కోటీ పీకి
మా ఊరి లెక్కలు నాటాను:
ఆగస్టులో అడవి పొగ కమ్మిన రోజులెన్ని,
బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యం,
బెల్టు మీద దొర్లే పండు అడ్డుకొలత ఎంత.
పద్దెనిమిది రాత్రులు పట్టింది.
ఎవరూ పైసా ఇవ్వలేదు.
డీన్ గారు మెయిల్లో ఒక ఆశ్చర్యార్థకం ఇచ్చారు.

అందరూ చదివేశారని కాదు.
చదవని పుస్తకం, కొన్నా ఊరికే వచ్చినా, బరువొకటే.
కోల్టన్ నవంబరు దాకా తెరవలేదు,
తెరిచిన రోజున ఫోనులో చార్జింగ్ లేదన్నాడు.

ఒడాలిస్ మాత్రం మూడో వారంలోనే చెయ్యెత్తింది.
"పెట్టె నలభై రెండు పౌన్లని రాశారు టీచర్.
అట్టపెట్టె బరువు కూడా కలిపేశారు.
పండు నలభయ్యే.
నేను రోజూ ఎత్తుతాను కదా."
క్లాసులో నవ్వు. నా చెవులు వేడెక్కాయి.
అచ్చుపుస్తకమైతే
ఆ తప్పు నాలుగేళ్లు దర్జాగా బతికేది.
అక్కడే, ప్రొజెక్టర్ వెలుగులో, అందరి ముందూ
రెండు కొట్టేసి సున్నా పెట్టాను.
చివరి పేజీలో, సరిచేసినవారు అన్నచోట,
ఒడాలిస్ బరాహాస్.
ఆమె ఏమీ అనలేదు.
స్పెల్లింగు చూసుకుంది, రెండుసార్లు.

మరుసటి వేసవిలో గ్రిమ్స్‌బీ నుంచి ఉత్తరం.
ఇంగ్లండు తూర్పుతీరంలో రేవు ఊరట,
అక్కడ సాయంత్రం క్లాసులు చెప్పే హేజెల్ అట.
నా అధ్యాయం తీసుకుని
యాపిల్ పళ్లు దించేసి హాడాక్ చేపలు ఎక్కించింది.
పౌన్లు కిలోలయ్యాయి.
మంచు కరిగితే పెట్టె తేలికవుతుంది,
ఆ లెక్క ఎవరు చూస్తారని
రేవులో పనిచేసే కుర్రాడొకడు అడిగాడట,
దానికో కొత్త ప్రశ్న పుట్టింది.
అడుగున పేర్లు వరసగా:
మొదట రాసిన ఎవరో, నేను, ఒడాలిస్, ఆ కుర్రాడు.

ఒడాలిస్ అప్పటికి రావడం మానేసింది.
షెడ్డులో షిఫ్టులు పెరిగాయని తెలిసింది.
పుస్తకం ధర తీసెయ్యగలిగాను,
ఇంటద్దె నా చేతిలో లేదు.
ఆ పేజీ ఆమె ఫోనుకి పంపాను,
ఇంకేం రాయాలో తోచక, ఊరికే, పేజీ ఒక్కటే.

తెల్లవారుజామున నాలుగున్నరకి జవాబు:
"చేపల పెట్టె ఖాళీది ఎంత తూగుతుంది?"

నాకు తెలీదు.
గ్రిమ్స్‌బీకి రాశాను, కనుక్కోమని.