పెంటికలు

తుమ్మమొదట్లో ఈలాండ్ జింక పెంటిక.
దాబే గోటితో చీల్చాడు.
పైన నల్లటి నిగనిగ, లోపల ఆకుపచ్చ చెమ్మ.
"ఈ పొద్దుటిదే! పరిగెడదాం" అన్నాను.

అతను చెట్టునీడ వంక చూశాడు.
నిన్నట్నుంచీ అది ఎటెటు తిరిగిందో
ఇసుకలో వేలితో గీశాడు.
"నీడలో పడ్డది ముసలిదైనా పడుచులా నటిస్తుంది.
ఎండలోది వెతుకు."

ఎండలో ఒక్కటే దొరికింది.
చెదలు దానికప్పుడే మట్టిచొక్కా తొడిగేశాయి.
నిన్నటిది.

కలహారీ మధ్యాహ్నం.
నిప్పుకోడి గుడ్డుడొల్లలో నీళ్లు సగానికి దిగాయి.
తిరిగి పోదామంటాడనుకున్నా.
దాబే గోరు ముక్కు దగ్గర పెట్టుకుని
చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.
"చేదుపొద మేసింది.
ఆ పొద పడమటి ఎండువాగులోనే ఉంది.
చల్లబడ్డాక మళ్లీ అక్కడికే."

నేనూ నా గోరు వాసన చూశాను.
నాకు
పేడకంపే కొట్టింది.