వరసకి నలభై

పామూరు నుంచి మోపెడ్ మీద
నిచ్చెన అడ్డంగా కట్టుకుని పోయాను
రాళ్లచెరువుపల్లె ఆరోగ్య కేంద్రం బోర్డు రాయడానికి.
ఏడాదికోసారి పని. వరసకి నలభై.
ఎడమపక్క పోస్టు, కుడిపక్క మనిషి.

పాతది గీకుతుంటే
పోయినవాళ్లంతా పొరలు పొరలుగా రాలారు.
ఆకుపచ్చ కింద నీలం,
నీలం కింద ఎవరిదో ఇంటిపేరు,
ఇంకా కింద సగం చెరిగిన డిగ్రీ.

గుమాస్తా ఇచ్చిన కాగితం చూసి రాస్తూ పోయాను.
రెండో డాక్టరు, ఖాళీ.
ఫార్మసిస్టు, ఖాళీ.
ల్యాబ్ టెక్నీషియన్, ఖాళీ.
రెండే అక్షరాలు.
ళీ మీద గుడి తిప్పడమంటే నా చేతికి ఇష్టం.
దాచుకోవడమెందుకు,
పని తొందరగా తెముల్తోందని సంబరపడ్డాను కూడా.

మొదటి డాక్టరుగారి వరసకొచ్చేసరికి
ఊడ్చే మాలకొండయ్య చీపురాపి
"ఆయన పేరు సుద్దముక్కతో రాయి బా" అన్నాడు.
"మంచోడే. మూడు ఆస్పత్రులకి ఒక్కడు.
ఈరోజు కనిగిరిలో."

ఎస్తేరు రాణి సిస్టరు పేరు మాత్రం
నాలుగు చోట్ల, పక్కన ఇన్‌చార్జి అని.
నాలుగోసారికి కుంచె దానంతటదే రాసుకుపోయింది.

అప్పుడొచ్చారు.
మొగుడు బండి నడుపుతున్నాడు,
వెనక కొడుకు, మధ్యలో ఓబులమ్మ.
కందికట్టె మోపు కడుతుంటే చేతి మీద కాటు.
యూరియా సంచిలో చచ్చిన పాము,
వీపంతా గొలుసు మచ్చలు. రక్తపింజర.
మా ఊరి పేరులోనే పాముంది,
అయినా నా మోకాళ్లు నా మాట వినలేదు.

సిస్టరు చెవికీ భుజానికీ మధ్య ఫోను.
గాజు గొట్టంలో కాస్త నెత్తురు తీసి
నా రంగుడబ్బాల పక్కన నిలబెట్టింది.
"ఇరవై నిమిషాలు. కదిలించబాక.
అప్పుడు వంచి చెప్పు, గడ్డ కట్టిందో లేదో."
"నాకేం తెలుసు సిస్టరమ్మా?"
"ఇంకెవరున్నారు పీరా?"

గొట్టం ముందు నేను.
నా వెనక బోర్డు మీద, తడి ఆరకుండా,
ల్యాబ్ టెక్నీషియన్, ఖాళీ.

పెయింటు సంగతి నాకు తెలుసు.
రోహిణి ఎండకి అరగంట, ముసురుకి ఒక పూట.
వేలు పెట్టకుండా మెరుపు చూసి చెప్తా.
నెత్తురు మెరుస్తూనే ఉంది.
గోడగడియారం ముల్లు
జిగురులో పడ్డ చీమలాగా నడిచింది.

వంచాను.
కొత్త డబ్బాలో ఎర్ర ఎనామెల్ లాగా
అంచు దాకా జారిపోయింది.
"సిస్టరమ్మా, ఆరలా!" అని అరిచాను.
నా మాట ఆమెకు అర్థమైంది.

ఫ్రిజ్‌లో ఉన్న మందు సీసాలన్నీ బయటికొచ్చాయి.
ఫోనులో డాక్టరుగారి గొంతు తెగుతూ అతుకుతూ
ఎంత, ఎట్లా, ఎంత వేగం అని చెప్తా ఉంది.
సెలైన్ స్టాండు కాలు విరిగి ఆర్నెల్లయిందట.
నిచ్చెన లోపలికి తెచ్చి
రెండో మెట్టు మీద నిలబడి నేను సీసా పట్టుకున్నాను.
మాలకొండయ్య చీటీ మీద టైములు రాశాడు,
వచ్చీ రాని రాతతో, ఒక్క అంకె తప్పకుండా.

గంటన్నరకి వచ్చింది 108.
ఓబులమ్మతో పాటు సిస్టరూ ఎక్కింది.
ఒంగోలు దోవన ఆ కూత సన్నగిల్లేదాకా చూశాం.
ఆస్పత్రి మొత్తం ఆ బండిలోనే పోయింది.

పసిబిడ్డ టీకాకని ఒకామె వచ్చి
"ఎవురూ లేరా?" అంది.
బోర్డు వైపు చూపించాను.
ఆమెకు చదువు రాదంట.
మాలకొండయ్య చదివి వినిపించాడు, వరస వరసా.
ఆమె చివరిదాకా విని
బిడ్డని ఇంకో భుజానికి మార్చుకుని వెళ్లింది.

పదో రోజుకి ఓబులమ్మ ఇల్లు చేరింది.
రెండు వేళ్లు వంగడం లేదంట.

బిల్లు దగ్గర గుమాస్తా నొసలు ముడేశాడు.
"పేర్లున్న వరసలకి నలభై సరే,
ఖాళీలకి ఇరవై చాలదా?"
"ఖాళీకీ పెయింటు పడుద్ది సార్."
కాసేపు నా మొహం చూసి
అన్నిటికీ నలభై చొప్పునే కట్టాడు.
ల్యాబ్ వరసలో, ళీ పక్కన,
ఆ రోజు నిచ్చెన లాక్కుని పరిగెత్తేటప్పుడు పడ్డ
నా బొటనవేలి ముద్రకి మాత్రం
పది రూపాయలు కోసుకున్నాడు.